గలిలయ సరస్సు మీద రెక్క

“తుఫానెక్కి వచ్చే దేవుడూ, తుఫానులో మనల్ని రెక్క కింద దాచే దేవుడూ ఒక్కడే ఎలా అవుతాడు? చెప్పండి చూద్దాం,” అంది మజాల్. సరస్సు ఒడ్డున తిబెరియ ఊరి బడిలో పిల్లలకు కీర్తనలు నేర్పి రిటైరైన మనిషి.

మనవరాలు నోగా, మనవడు ఎయ్‌తాన్ ఆమె దగ్గరికి జరిగారు.

“గద్దని చూసి కోడిపెట్ట రెక్కలు విప్పితే ఏమవుతుంది?”

“దుమ్ము లేస్తుంది, బోలెడు చప్పుడు!” అన్నాడు ఎయ్‌తాన్.

“ఉరుమంటే అదే మరి.”

ఆ ఊళ్లో తుఫాను వెలిసిందంటే వీధుల్లో తెడ్డంతేసి ఈకలు పడి ఉంటాయి. ఆడవాళ్లు విసుక్కుంటూ ఊడ్చి, మెత్తనివి ఏరి దిండ్లలో కూరుకుంటారు.

ఆ శుక్రవారం సాయంత్రం సబ్బాతు విశ్రాంతి దినానికి దీపాలు వెలిగించగానే కొండల మీంచి గాలి సరస్సు మీద విరుచుకుపడింది. మజాల్ కొడుకు ఆషేర్ పడవ ఇంకా ఒడ్డు చేరలేదు. కోడలు ఒర్నా గుమ్మం వదలడం లేదు.

ఎదురుగా ఉన్న ప్రార్థనా మందిరం కిటికీలోంచి, కీర్తనలు ఎత్తుకునే నిస్సీమ్ కేకేశాడు.

“టీచరమ్మా! ఇవాళ ఉరుముల కీర్తన మానేస్తున్నామండీ. ఆషేర్ నీళ్ల మీదుండగా ఉరుముని పిలవడమెందుకు? రెక్కల కీర్తనొక్కటే పాడతాం.”

పాడారు. మళ్లీ పాడారు. అలలు ఇంకా లేచాయే గానీ ఏ రెక్కా రాలేదు.

మజాల్ వసారాలోకి నడిచింది.

“నిస్సీమూ! చిన్నప్పుడూ ఇంతేరా నువ్వు, కష్టమైన చరణం మింగేసేవాడివి. చప్పుడు లేకుండా రెక్క విప్పుతారట్రా? లేచి నిలబడండి అందరూ!”

ఒర్నా ఆమె చెయ్యి పట్టుకుంది. “వద్దత్తయ్యా! ఉరిమితే ఆయన మునిగిపోతారు!”

“వాడు నాకూ కొడుకే తల్లీ,” అంది మజాల్. ఆ చెయ్యి వదలకుండానే ఉరుముల కీర్తన ఎత్తుకుంది. మందిరంలో బెంచీలు కిర్రుమన్నాయి. అంతా నిలబడి గొంతు కలిపారు.

మూడో చరణానికి ఆకాశం బద్దలైనట్టు ఉరిమింది. ఒర్నా కళ్లు మూసుకుంది. ఆవలి గట్టు నుంచి బూడిదరంగు రెక్క ఒకటి మెల్లగా విచ్చుకుని సరస్సును కమ్మేసింది. దాని కింద నీళ్లు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. ఊరి మీద కుమ్మరిస్తున్న వానలోనే అందరూ వీధి చివర ఒడ్డుకు పరిగెత్తేసరికి, ఆ నీళ్ల మీద ఆషేర్ తీరిగ్గా తెడ్డేసుకుంటూ వచ్చాడు.

“ఏంటి, మీరంతా తడిసి ముద్దయ్యారు?” అన్నాడు. అతని చొక్కా మీద ఒక్క చినుకు లేదు.

ఒర్నా అతని భుజం మీద ఒక్కటిచ్చి ఏడ్చేసింది.

“నాయనమ్మా, రెక్క ఇంకా ముడవలేదేం?” అడిగింది నోగా.

“ఇంకా ఎవరి పడవో వెనకుండి ఉంటుంది,” అంటూ మజాల్, సగం పరిచి వదిలేసిన బల్లగుడ్డ సరిచెయ్యడానికి ఇంటికేసి వెళ్లిపోయింది.