గోడ మీంచి పీకేసిన చీటీ

ఆస్పత్రి బట్టలుతికే గదిలో ఒక పద్ధతి ఉంది. జేబులు తడమకుండా ఏ బట్టనీ యంత్రంలో వేయకూడదు. పదిహేనేళ్లుగా ఆ పని అక్కది. పక్కనే దుప్పట్లు ఉతికేది ఆమె సొంత చెల్లెలు.

ఆపరేషన్ వార్డులో నలుగురికి కుట్లు చీము పట్టాయి. ఇంకేముంది, దుప్పట్లు సరిగా ఉతకలేదని చెల్లెల్ని విచారణ తేలేదాకా పనిలోంచి ఆపేశారు. అసలు కారణం తేల్చడానికంటూ సమావేశం పెట్టి అక్కనూ పిలిచారు. సమావేశం నడపడానికి బయటి నుంచి వచ్చిన మేడం, తోచిన కారణాలన్నీ చీటీల మీద రాయించి గోడకు అంటించింది. రెండేసి చీటీలు చూపించి, "ఇది దాన్ని పెంచుతోందా?" అని అడిగింది. ఎక్కువ చేతులు లేచినచోట బాణం గీసింది.

అక్క రాసింది ఒక్కటే: "బాయిలర్ చెడి ఎనిమిది నెలలు. నీళ్లు మరగడం లేదు."

గంటన్నరకి గోడంతా బాణాలే. ఒక్కొక్కటీ వెనక్కి చూసుకుంటూ పోతే దాదాపు అన్నీ ఆ చీటీ దగ్గరే మొదలయ్యాయి. చేతులెత్తిన వాళ్లలో డాక్టర్లూ ఉన్నారు. అక్కకి ప్రాణం లేచొచ్చింది.

ఆస్పత్రి సూపరింటెండెంటు లేచి గోడ దగ్గరికి వచ్చాడు.

"బాయిలర్ సంగతి పైవాళ్లు చూసుకుంటారు. మన చేతిలో ఉన్నవి చూద్దాం," అంటూ ఆ చీటీ పీకి తెల్లకోటు జేబులో వేసుకున్నాడు.

"అలా తీయకూడదండీ. అందరూ కలిసి తేల్చింది కదా!" అంది మేడం.

"తొందరగా తేలాలనేనమ్మా తీసింది."

చీటీ మళ్లీ పెట్టాలనేవాళ్లు చేతులెత్తమని మేడం అడిగితే, ఇందాక లేచిన చేతుల్లో ఒక్కటీ లేవలేదు. అక్క చెయ్యి కూడా ఒళ్లోనే ఉండిపోయింది. ఇప్పుడు బాణాలకు మొదట మిగిలింది "ఉతికేవాళ్ల నిర్లక్ష్యం" అన్న చీటీ.

మూడో రోజు చెల్లెలి ఉద్యోగం ఊడింది. ఉత్తర్వులో "సమష్టి నిర్ణయం" అని రాశారు.

"నువ్వూ ఉన్నావటగా అక్కా ఆ మీటింగులో. అందరితోపాటు ఊ కొట్టొచ్చావా?" అంది చెల్లెలు.

ఆ వారం ఉతుకుడుకి సూపరింటెండెంటు కోటు వచ్చింది. అలవాటుగా జేబు తడిమితే చీటీ తగిలింది. తన చేతిరాతే. ఆయనకి దాన్ని పారేయాలన్న ధ్యాస కూడా లేకపోయిందని ఒళ్లు మండింది. కోటుని వార్డు దుప్పట్లతో కలిపి అదే గోరువెచ్చని నీళ్లలో వేసింది. చీటీని యంత్రం తలుపు మీద అంటించింది.

ఇలాంటి సమావేశాల్లో మనమూ కూర్చున్నాం, మనమూ చేతులు ఒళ్లో పెట్టుకున్నాం. పదిమందీ కలిసి కనిపెట్టిన కారణాన్ని ఒక్కడు పీకేస్తే కారణం ఎక్కడికీ పోదు, దాని బరువు ఏ దిక్కూ లేనివాళ్ల నెత్తిన పడుతుంది.