బోర్డు మీద మిగిలిన బిళ్ల

రాయమల్లుకు నచ్చిన వీడియో గేమ్ ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. నచ్చిన జపాన్ బొమ్మల సీరియల్ కూడా పుట్టలేదు. నచ్చకపోతే మానెయ్యొచ్చు కదా అంటే మానడు. అరవై రెండు ఎపిసోడ్లుంటే అరవై రెండూ చూస్తాడు, ఎనభై గంటల ఆటయితే ఎనభై గంటలూ ఆడతాడు, ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని దాని తాట తీస్తాడు. చివరిదాకా చూసినవాడికే తిట్టే హక్కు ఉంటుందని అతని సిద్ధాంతం. ఆ ఒక్క సిద్ధాంతాన్ని చూసుకునే అతనికి అంత పొగరు.

గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి మీద, లోపలికి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంప్ రూములో అతని ఉద్యోగం. డ్యూటీ దిగాక కంప్యూటరే లోకం. 'బూడిద' అని తెలుగులో ఒక బ్లాగు పెట్టుకుని, నెలనెలా 'ఈ నెల ముగించినవి' అంటూ ఒక టపా రాస్తాడు. చదివేవాళ్లు పదకొండు మంది. వాళ్లు వచ్చేదే తిట్లు చదవడానికి, అతనూ ఎన్నడూ నిరాశపరచలేదు. గ్రేడులు కూడా సొంతంగా కనిపెట్టుకున్నాడు: దండగ, మహాదండగ, కరెంటుకు పట్టిన శని. నాలుగోది లేదు.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో తెలంగాణ కోసం సమ్మె మొదలై బాయిలన్నీ ఆగిపోయాయి. పొద్దున సమ్మె శిబిరంలో కూర్చోవడం, మధ్యాహ్నం నుంచి కంప్యూటరు ముందు కూర్చోవడం. సమ్మె నెల దాటేసరికి మూడు సీరియళ్లు, రెండు ఆటలు పూర్తయ్యాయి.

మొదటి సీరియల్లో పదిహేనేళ్ల పిల్లగాడు లోకాన్ని కాపాడతాడు. "వీడికి పదో తరగతి పరీక్షలు లేవా?" అని మొదలుపెట్టాడు రాయమల్లు. కత్తి ఎత్తడానికి ఒక ఎపిసోడ్, దించడానికి ఒక ఎపిసోడ్, మధ్యలో వాళ్లమ్మ పెట్టిన బువ్వ గుర్తుకు రావడానికి మూడు ఎపిసోడ్లు. శత్రువు మాత్రం పాపం, పెద్దపల్లి బస్సు కోసం నిలబడ్డవాడిలాగా అంతసేపూ ఎదురుగా నిలబడే ఉంటాడు. రెండో సీరియల్లో చచ్చినవాళ్లంతా తిరిగి లేచి వస్తారు. వస్తే వచ్చారు, మొదట వాళ్ల కోసం నన్నెందుకు ఏడిపించారని నిలదీశాడు. మూడోది ఇరవై నాలుగు ఎపిసోడ్లు నడిచి, ఆఖరికి అంతా కల అని తేల్చింది. దానికి తన దగ్గరున్న తిట్లు చాలక, శ్రీరాంపూర్‌లో ఉన్న మేనమామకు ఫోన్ చేసి రెండు కొత్తవి అడిగి తెచ్చుకున్నాడు.

ఆటల దగ్గరికి వచ్చేసరికి అతనికి నిజంగానే ఒళ్లు మండేది. రోల్ ప్లేయింగ్ గేమ్ అన్నాక అందులో ఒక గని ఉండి తీరుతుంది. వీరుడు అందులోకి మండుతున్న కాగడా పట్టుకుని దిగుతాడు. "జేబులో అగ్గిపెట్టె ఉన్నా మమ్మల్ని బాయి దిగనివ్వరు. ఈ సన్నాసి కాగడాతో దిగి, గ్యాసు అంటుకోకుండా, పెట్టెలో బంగారం ఏరుకుని పైకొస్తాడు. దిగేటప్పుడు పేరు రాసుకునేవాడు లేడు, ఎక్కేటప్పుడు తలకాయలు లెక్కపెట్టేవాడు లేడు. నలుగురు దిగి ముగ్గురు ఎక్కినా ఆటలో పాట మాత్రం ఆగదు," అని రాశాడు. ఆ టపాకు ఏకంగా ఆరు కామెంట్లు వచ్చాయి.

"గంత నచ్చనిది గన్ని గంటలెందుకు చూసుడు?" అని అడిగింది అతని భార్య అనసూర్య.

"చూడకుండ తిడ్తరా ఎవలన్న?"

"నువ్వు చూసి తిడుతలేవు. తిట్టనీకే చూస్తున్నవ్," అని ఆమె బియ్యం చేట అందుకుని బయటికి వెళ్లిపోయింది. ఆ మాటను అతను బ్లాగులో పెట్టుకోలేదు.

ఇంత నోటిదురుసు మనిషిని మనస్ఫూర్తిగా గౌరవించేవాడు ఒకడున్నాడు, నాని. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ అండర్ మేనేజరుగా ఉన్న సూర్యప్రకాశరావు కొడుకు. ఇంజనీరింగ్ పూర్తిచేసి, రెండేళ్లుగా ఇంట్లో కూర్చుని ఎవరూ అడగని పని చేస్తున్నాడు. సొంతంగా ఒక ఆట తయారు చేస్తున్నాడు. సమ్మె రోజుల్లో ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు బయటికి రావడం తగ్గించారు గానీ, నాని మాత్రం మానకుండా రాయమల్లు క్వార్టరుకు వస్తూనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం సీడీ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అన్నా, పూర్తయింది. హైదరాబాద్‌లో ఒక గేముల కంపెనీ వాళ్లు చూస్తామన్నారు. ఆడినవాళ్ల అభిప్రాయం ఒకటి జతచెయ్యాలట. శనివారం ఆఖరు రోజు. మీరే రాయాలి."

"నేనా? నేను రాస్తే నీ ఆటకు దినాలే. మంచిగ రాసేటోన్ని చూస్కో తమ్మీ."

"మంచిగా రాసేవాళ్లెవరూ చివరిదాకా ఆడరన్నా. ఇది కూడా కుదరకపోతే నాన్నగారు నన్ను విజయవాడలో బ్యాంకు కోచింగ్‌లో పడేస్తానన్నారు. కంప్యూటర్ ఇంట్లో ఉండనివ్వరట. ఉన్నది ఉన్నట్టు రాయండి, చాలు."

రాయమల్లు పెదవి విరిచాడు గానీ లోపల పొంగిపోయాడు. పదకొండు మంది కాదు, ఇప్పుడు హైదరాబాదు కూడా అతని తిట్లు చదవబోతోంది.

నాని ఆట బొగ్గుబాయి గురించే. పైకప్పు కూలింది, లోపల చిక్కుకున్నవాళ్లను వీరుడు పైకి తేవాలి. ఈ వీరుడు కాగడా పట్టుకోలేదు. తిన్నగా ల్యాంప్ రూముకు వెళ్లి, తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి, నెత్తికి పెట్టుకునే ల్యాంపు తీసుకున్నాడు. బిళ్లను గోడ మీది బోర్డుకు తగిలించారు. మనిషి పైకొచ్చి ల్యాంపు తిరిగి ఇచ్చాకే బిళ్ల బోర్డు దిగుతుంది. బోర్డు మీద బిళ్ల ఉందంటే దాని మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. తెర మీద ఆ ఇత్తడి బిళ్ల ఊగుతుంటే రాయమల్లుకు ఒళ్లు జల్లుమంది.

అదంతా అతను నానికి చెప్పిందే. అతని తండ్రి బిక్షం బాయిలో పనిచేసే రోజుల్లో ఒకసారి పైకప్పు కూలింది. అందరూ ఎక్కేశారనుకుని షిఫ్టు కట్టెయ్యబోయారు. ల్యాంప్ రూములో ఉన్న పోశం అనే అతను బోర్డు మీద ఒక బిళ్ల మిగిలిందని తను ఇంటికి పోలేదు, పెద్దసార్లను కూడా పోనివ్వలేదు. ఐదు గంటల తర్వాత బిక్షాన్ని కాలు నలిగి, ప్రాణాలతో పైకి తెచ్చారు. కాలు పనికిరాకపోవడంతో ఉద్యోగం కొడుక్కి వచ్చింది. "ఆ ఐదు గంటలు నాకు భయం గాలేదు బిడ్డా. ల్యాంప్ రూముల పోశం ఉన్నడని నాకెరుక," అని బిక్షం పోయేదాకా చెప్పేవాడు. బోర్డు మీద బిళ్ల ఉన్నంతసేపు షిఫ్టు దిగినట్టు కాదని రాయమల్లు కూడా అందరికీ చెప్పుకునేవాడు.

జల్లుమన్నాక మెత్తబడిపోతాడేమోనని తనమీద తనకే అనుమానం వచ్చి, పట్టుబట్టి తప్పులు వెతికాడు. మనుషులు బాతుల్లా నడుస్తున్నారు. నీళ్ల పంపు మిక్సీలా మోగుతోంది. పని చేయించే సర్దారు మీసం ఒకసారి ఉంటోంది, ఒకసారి ఉండటం లేదు. తిట్టాడు గానీ తిట్లు చప్పగా ఉన్నాయని అతనికే తెలుస్తోంది.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆఖరి ఘట్టం వచ్చింది. చిక్కుకున్నవాళ్లను వీరుడు పైకి తెచ్చాడు. డప్పులు మోగాయి, దండలు పడ్డాయి, తెర నిండా 'సమాప్తం' అని పడింది. ఆ అక్షరాల వెనక, జనం వెనక, ల్యాంప్ రూము గోడ కనిపిస్తోంది. గోడ మీద బోర్డు. బోర్డు మీద ఒక బిళ్ల.

ఇంకెవరికీ కనపడని ఆ బిళ్ల రాయమల్లుకు వెంటనే కనపడింది. ఒక్క క్షణం దానివంక చూశాడు. ఆ తర్వాత అతని మొహం వెలిగిపోయింది. దొరికాడు! వెతికిన తప్పు తనంతట తనే వచ్చి ఒళ్లో పడింది. ఆటను అక్కడికక్కడే ఆపేసి, ఊపు తగ్గకుండా టపా మొదలుపెట్టాడు.

"ఒక మనిషిని బాయిలో మర్చిపోయి దండలు వేసుకునే ఆట ఇది. తయారుచేసినవాడు రెండేళ్లు కష్టపడ్డాడట. అందులో ఒక్క పూట ల్యాంప్ రూములో నిలబడి ఉంటే తెలిసేది. బంగళాలో పెరిగిన ఆంధ్రా ఆఫీసరు కొడుక్కి బిళ్ల అంటే బొమ్మ. మాకు అది మనిషి. మహాదండగ," అని రాసి, బ్లాగులో పెట్టి, నానికి కూడా పంపాడు. ఆంధ్రా ఆఫీసరు కొడుకు అన్న ముక్క దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది గానీ, వాక్యం బాగా కుదిరిందని ఉంచేశాడు. సాయంత్రానికి తొమ్మిది కామెంట్లు వచ్చాయి. 'బూడిద' చరిత్రలో అన్ని ఎప్పుడూ రాలేదు.

"ఆ పిలగాడు సొంత తమ్మునోలె తిరిగెగదా ఇంట్ల. గిట్ల రాస్తవా?" అంది అనసూర్య.

"ఉన్నది ఉన్నట్టు రాయమన్నడు. రాసిన."

శనివారం మధ్యాహ్నం నాని వచ్చాడు. మొహంలో కోపమేమీ లేదు. కుర్చీ చివర కూర్చున్నాడు.

"పొద్దున నెట్ సెంటర్ నుంచి ఆట పంపేశానన్నా. మూడు గంటలు పట్టింది. మీరు రాసింది కూడా జతచేశాను."

రాయమల్లు గబుక్కున అతని వైపు తిరిగాడు. "అదెందుకు పంపినవ్? వేరే ఎవలతోనన్న నాలుగు ముక్కలు రాయించకపోయినవా?"

"మిమ్మల్నే రాయమన్నాను కదా. మీరు తిట్టినందుకేం లేదన్నా. ఒక్క సంగతి అడుగుదామని వచ్చాను. బిళ్ల చూశారు కదా మీరు. చూసి మళ్లీ లోపలికి దిగలేదా?"

"యాడికి దిగాలె? సమాప్తం అని పడ్డది గద."

"అది ఊరికే వేశానన్నా. అక్షరాలు పడ్డాక కూడా మనిషిని కదపొచ్చు, బాయి తెరిచే ఉంటుంది. అసలు ఆట అక్కడే ఉంది. మా ఫ్రెండ్సందరూ సమాప్తం చూసి కట్టేశారు, బిళ్ల ఒక్కడికీ కనపడలేదు. రాయమల్లన్నకు కనపడుతుంది, కనపడితే ఆయన ఆగడు అనుకున్నాను. బిళ్ల ఉన్నంతసేపు షిఫ్టు దిగినట్టు కాదని నాకు చెప్పింది మీరే కదా."

నాని మాటలో వెటకారం లేదు. ఉంటే రాయమల్లు బతికిపోయేవాడు, వెటకారానికి వెటకారం అతని దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. సిగ్గుతో చెవులు కాలాయి. పదకొండేళ్ల ఉద్యోగంలో బోర్డు మీద బిళ్ల ఉంచి అతను ఒక్కరోజూ ఇంటికి పోలేదు. చివరిదాకా చూడకుండా దేన్నీ తిట్టలేదు. ఆ రెండూ ఒక్క మధ్యాహ్నంలో, ఒక్క మంచి వాక్యం కోసం పోగొట్టుకున్నాడు. ఇప్పుడు హైదరాబాదులో వాళ్లు ముందు అతను రాసింది చదువుతారు. బిళ్ల దగ్గరికి రాగానే తప్పు దొరికిందని నవ్వుకుని కట్టేస్తారు. లోపలికి ఎవరూ దిగరు.

కంప్యూటర్ పెట్టి, ఆపిన చోటి నుంచి ఆట తెరిచాడు. 'సమాప్తం' వచ్చింది. బాణం మీట నొక్కితే వీరుడు నిజంగానే కదిలాడు. దండలేసిన జనం మధ్య నుంచి నడిచి, ల్యాంపు తీసుకుని, మళ్లీ బాయి దిగాడు. డప్పులు వెనకబడి వినిపించకుండా పోయాయి. మోకాలి లోతు నీళ్లు దాటాక, పైకప్పుకు ఆసరాగా పెట్టిన దిమ్మె విరిగిన చోట ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఒక కాలు రాళ్ల కింద ఉంది. ఒళ్లో టిఫిన్ డబ్బా ఉంది. అరవడం లేదు, పిలవడం లేదు. దగ్గరికి వెళ్తే కింద అక్షరాలు పడ్డాయి.

"వచ్చినవా బిడ్డా? ల్యాంప్ రూముల ఇయ్యాల ఎవలున్నరు?"

కింద పేరు కొట్టడానికి ఖాళీ గడి. రాయమల్లు ముందు 'పోశం' అని కొట్టాడు. కాసేపు చూసి చెరిపేశాడు. అబద్ధం చెప్పడానికి అక్కడ కూర్చున్నాయన ఎవరో పరాయి మనిషిలా లేడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'రాయమల్లు' అని కొట్టి, ఎంటర్ నొక్కాడు.

"రాయమల్లున్నడా? గట్లయితే నాకేం ఫికర్ లేదు."

రాయమల్లు తెర మీంచి చూపు తిప్పుకున్నాడు. కళ్లు తుడుచుకోవడానికి ఏ సాకూ దొరకలేదు, ఊరికే తుడుచుకున్నాడు.

"ఏ పేరు కొట్టినా అదే అంటాడన్నా," అన్నాడు నాని, ఓదార్పుగానే.

"నాకెరుక," అన్నాడు రాయమల్లు.

పెద్దాయన్ని భుజాన వేసుకుని పైకి తేవడానికి గంట పట్టింది. బోర్డు మీంచి ఆఖరి బిళ్ల దిగింది. ఈసారి డప్పులు లేవు, అక్షరాలు లేవు, ఖాళీ బోర్డు ఒక్కటే తెర మీద నిలబడింది. దానిలో తిట్టడానికి ఏమైనా ఉందా అని అతను వెతకలేదు.

"నానీ, ఆ కంపెనీ మెయిల్ అడ్రస్ చెప్పు, జల్ది."

"ఎందుకన్నా? పంపడం అయిపోయింది కదా."

"చెప్పు తమ్మీ."

నాని చెప్పాడు. రాయమల్లు తన పేరు, బాయి, ఉద్యోగం రాసి, ఎప్పుడూ తిట్టుతోనే మొదలుపెట్టే చేత్తో ఇలా మొదలుపెట్టాడు: "అయ్యా, ఈ ఆట మీద మీకు చేరిన నా అభిప్రాయం పూర్తిగా ఆడకుండా రాసింది. నేను ల్యాంప్ రూములో పనిచేస్తాను. బోర్డు మీద బిళ్ల ఉందని చూసి కూడా ఇంటికి పోయాను."