పదిహేడో నంబరు తుపాకీ

పదిహేడో నంబరు తుపాకీని వేగం కొలిచే పెట్టె ముందుంచి, మేస్త్రీ మూడుసార్లు కాల్చాడు. రెండు వందల తొంభై ఒకటి, తొంభై, తొంభై మూడు. సెకనుకు అన్ని అడుగులన్నమాట. పెయింట్‌బాల్ ఆటలో ఒకరినొకరు కాల్చుకునేది రంగు గోలీలతోనే గాని, రెండు వందల ఎనభై దాటిన గోలీ ఆటవస్తువు కాదు. మాస్కు లేని ముఖానికి తగిలితే కన్ను దక్కదు. చిన్న తాళంచెవితో వెనకున్న మర పావువంతు తిప్పి మళ్ళీ కాల్చాడు. రెండు వందల డెబ్బై ఆరు. అప్పటికి ఊపిరి వదిలాడు.

వదిలాడే గాని నమ్మలేదు. సిలిండర్ నుంచి వచ్చే గాలి ఒత్తిడిని తగ్గించే రెగ్యులేటర్‌లో రబ్బరు వాషరు అరిగిందంటే, తుపాకీ ఊరికే ఉన్నంతసేపూ గాలి సన్నగా లోపలికి చేరి పోగవుతుంది. వెంటవెంటనే కాలిస్తే ఆ దొంగతనం బయటపడదు. అందుకని నాలుగేసి తుపాకులు సరిచేసి బల్ల మీద పడుకోబెట్టేవాడు. వంటింటి టైమరును పది నిమిషాలకు తిప్పి, అది గణగణమన్నాక మళ్ళీ కాల్చేవాడు. ఆ మొదటి దెబ్బకు తుపాకీ నిజం కక్కేది.

ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. ఆ ఆట మైదానంలో అందరూ ఆయన్ను 'పది నిమిషాలుగారు' అనేవారు. చేరిన నెలలోనే, ఇంకెవరో సరిచేసిన తుపాకీకి ఒకాయన కన్ను పోవడం చూశాడు. ఆనాడు పట్టుకున్న భయం మళ్ళీ వదల్లేదు. ఇంట్లో పడుకునే ముందు గ్యాస్ మీట మూడుసార్లు చూసి వచ్చేవాడు. "మీరు భయపడని రోజున నేను డాక్టర్ని పిలుస్తాను" అనేది భార్య.

ఇరవయ్యో తుపాకీ పడుకోబెట్టి టైమరు కోసం చెయ్యి చాచేసరికి కూతురు లోపలికొచ్చింది. అదే మైదానంలో అంపైరు.

"నాన్నా, తాతవవుతున్నావ్."

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని కూతురి వైపు తిరిగాడు.

"మూడో నెల. అమ్మకి కూడా ఇంకా చెప్పలా. గ్రౌండులోకి ఇవాళే ఆఖరు, రేపట్నుంచి టికెట్ల దగ్గర కూర్చుంటా. సరేనా?"

కూతురు నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆయన అలాగే నిలబడి తనలో తాను నవ్వుకుంటున్నాడు. ఇంతలో మేనేజరు తలుపు దగ్గర నుంచి అరిచాడు. "పది నిమిషాలుగారూ, జనం గోల చేస్తున్నారు. త్వరగా ఇచ్చేయండి!" ఇచ్చేశాడు. ఇరవై తుపాకులూ నవ్వుతూనే ఇచ్చేశాడు.

ఆట మొదలైనట్టు సైరన్ మోగింది. బల్ల తుడవబోతే టైమరు చేతికి తగిలింది. ముల్లు సున్నా దగ్గరే ఉంది. తిప్పనేలేదు.

ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. ఆటగాళ్ళు డ్రమ్ముల చాటున నక్కి, అదను కోసం కాల్చకుండా కాచుకుని ఉంటారు. పది నిమిషాలు బల్ల మీద పడుకోవాల్సిన తుపాకులు వాళ్ళ చేతుల్లో పడుకుని ఉన్నాయి. పైగా కూతురికొక పాడు అలవాటు. అద్దానికి ఆవిరి పడితే చాలు, మాస్కు పైకెత్తి తుడుచుకుంటుంది. వందసార్లు తిట్టాడు. విందా?

"ఆపండి! ఆట ఆపండి!" అంటూ బయటికి పరుగెత్తాడు.

"ఏమైందండీ?" అన్నాడు మేనేజరు.

"పదిహేడు నుంచి ఇరవై దాకా పది నిమిషాలు ఆగి చూడలేదు!"

"ఓస్, అంతేనా! ఒక్కపూటకి ఏం కాదులెండి."

ఆయన వినిపించుకోలేదు. అంత కంగారులోనూ చెయ్యి కొక్కెం మీది మాస్కు తీసి ముఖానికి తగిలించింది. చుట్టూ కట్టిన వల పక్కకు తప్పించి మైదానంలోకి వెళ్ళాడు. కూతురు ఎర్ర డ్రమ్ము పక్కన నిలబడి ఉంది. మాస్కు నుదుటి మీదకెక్కింది. కొంగు లేని పిల్ల, చొక్కా అంచుతో అద్దం తుడుచుకుంటోంది. పది అడుగుల అవతల ఒకతను లేచి, ఆ డ్రమ్ము వెనక నక్కినవాడికి గురిపెట్టాడు.

"మాస్కు!"

అంత గొంతు తనకుందని ఆయనకే తెలియదు. ఆ పిల్ల ఉలిక్కిపడి మాస్కు కిందికి లాగింది. ఢామ్మంది. ఆ అమ్మాయి చెవికి జానెడు దూరంలో డ్రమ్ము రేకు లోపలికి సొట్టపడింది. రంగు కారింది.

ఆట ఆపించి నాలుగు తుపాకులూ వెనక్కి తెచ్చాడు. పదిహేడో నంబరును పడుకోబెట్టి, టైమరు తిప్పి, గంట మోగాక కాల్చాడు. మూడు వందల ముప్పై ఎనిమిది. ఆ అంకె చూసి కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత లేచి వాషరు మార్చి, మళ్ళీ పది నిమిషాలు కూర్చున్నాడు. రెండు వందల డెబ్బై ఏడు. మిగతా మూడూ సరిగ్గానే ఉన్నాయి.

"ఏం కాలేదుగా నాన్నా. ఇంకా భయమేంటి?" అంది కూతురు, ఆయన చెయ్యి పట్టుకుని.

"ఇన్నేళ్ళూ భయపడుతూనే చేశానమ్మా, ఎవరికీ ఏమీ కాలేదు. ఇవాళ సంతోషంలో భయం సంగతే మర్చిపోయా." మర తిప్పే తాళంచెవి జేబులోంచి తీశాడు. "ఇంకో ఆరు నెలలకి నా సంతోషం ఇంతింతై కూర్చుంటుంది. ఈ పని ఇక నావల్ల కాదు."

తాళంచెవి మేనేజరు చేతిలో పెట్టి, చెప్పులేసుకుని, మాస్కు కొక్కేనికి తగిలించి ఆయన గేటు దాటాడు.

బల్ల మీద టైమరు మిగిలింది. కూతురు దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. చుట్టూ ఉన్న అంకెలన్నీ స్పష్టంగా ఉన్నాయి, పది ఒక్కటే ఆయన బొటనవేలి కింద అరిగిపోయి తెల్లగా మిగిలింది.