లోడింగులో వీరవేణి

వీరవేణి లోడింగులో ఇరుక్కుపోయింది. డెబ్బై మూడు శాతం దగ్గర.

గవర్రాజు కడియం నర్సరీలో పని ముగించుకొని ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. కంప్యూటర్ ముందు కుర్చీ ఖాళీగా ఉంది. తెర మీద చిన్న గుండ్రం తిరుగుతోంది. ఆ గుండ్రం వెనక నుంచి భార్య గొంతు వినిపిస్తోంది.

"ఏవండీ, వచ్చారా? ముందా పప్పు దించండి, అడుగంటేస్తుంది."

గవర్రాజు పప్పు దించుతాడు. మనిషి మహా నిదానస్తుడు. దించి, మూత పెట్టి, చెయ్యి తుడుచుకొని, అప్పుడు అడుగుతాడు.

"లోపలికెందుకెళ్ళావే?"

"కొత్త కోట వచ్చిందన్నారు. మీరేమో ఇంకా రాలేదు. ఈలోగా ఓసారి చూసొద్దామని వెళ్ళాను. గేమ్ సగం తెరుచుకొని ఆగిపోయింది. ముందుకీ పోలేను, వెనక్కీ రాలేను. కాళ్ళు చాపుకోడానిక్కూడా చోటు లేదండీ ఇక్కడ."

ఇందులో వీరవేణి తప్పేమీ లేదు. సాయంత్రాలు మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ ఆటే ఆడతారు. కోటలు పట్టేది ఆవిడ, వెనకాల గుర్రాలకు గడ్డి వేసేది ఈయన. తప్పంతా కంప్యూటర్‌ది. అది ముసలిదైపోయింది. డబ్బా మీద వెంట్రుకలు నెరిశాయి. ఫ్యాను తిరిగితే గురక వస్తుంది. ఎండాకాలం వస్తే మజ్జిగ ఇచ్చేదాకా మాట్లాడదు.

ఆ కంప్యూటర్ సంగతి తెలియాలంటే ముందు గవర్రాజు ఎడమకాలి సంగతి తెలియాలి.

పెళ్ళిలో పెళ్ళికొడుకుని అలకపాన్పు ఎక్కించడం వాళ్ళ ఇళ్ళల్లో ఆనవాయితీ. ఆయన మంచమెక్కి మూతి ముడుచుకొని కూర్చుంటాడు, అత్తవారు బతిమాలి ఏం కావాలో అడుగుతారు, అడిగింది ఇస్తామనగానే ఆయన నవ్వి దిగుతాడు. ఎవరైనా ఉంగరం అడుగుతారు, వాచీ అడుగుతారు. మన గవర్రాజు గేములాడే కంప్యూటర్ అడిగాడు. మావగారు పాపం తెచ్చారు. కానీ గ్రాఫిక్స్ కార్డు లేనిది తెచ్చారు. "బొమ్మలు కనపడుతున్నాయి కదా అల్లుడుగారూ, మళ్ళీ దానికో కార్డెందుకండీ?" అన్నారు. గవర్రాజు కుడికాలు దించాడు. ఎడమకాలు దించలేదు.

అది ఇప్పటికీ మంచం మీదే ఉంది. కాలుతో పాటే కాపురానికొచ్చిన ఆ మంచం హాల్లో ఉంది. పనికెళ్ళేటప్పుడు ఆ కాలు అక్కడే వదిలేసి, సైకిలు ఒంటికాలితో తొక్కుకుంటూ వెళ్తాడు. నర్సరీలో ఎవరూ ఏమీ అనరు, ఎవరి అలకలు వాళ్ళకున్నాయి. వీరవేణి రోజూ హాలు ఊడుస్తూ ఆ కాలు పక్కకు జరిపి, మంచం దులిపి, మళ్ళీ ఎక్కడిది అక్కడ పెడుతుంది. చలికాలంలో దాని మీద దుప్పటి కప్పుతుంది. మావగారు పోయాక కూడా ఆ కాలు దిగలేదు.

గవర్రాజు పోపులపెట్టెలో జీలకర్ర కింద ఉన్న డబ్బులు తీసుకొని, కొత్త ర్యామ్ కోసం రాజమండ్రిలో కంప్యూటర్ల కొట్టుకు వెళ్తాడు. కొట్టాయన ఆ నోట్లు వాసన చూస్తాడు.

"ఆయ్, వీటికి మౌసు కింద వేసుకునే గుడ్డ వస్తుందండి. అదీ సగం."

"మా ఆవిడ లోపల ఉండిపోయిందండి."

"చాలామంది ఆడవాళ్ళు లోపలే ఉండిపోయారండి. రేటు మాత్రం ఒకటే."

గవర్రాజు సగం గుడ్డ కొనకుండానే తిరిగొస్తాడు. వీధి మలుపులో కేక వినిపిస్తుంది.

"పాత బట్టలకీ... స్టీలు గిన్నెలోయ్... ర్యాములోయ్... కార్డులోయ్..."

గిన్నెల నూకాలు. తట్ట దించిందంటే ఇంట్లో పాతబట్ట మిగలదు. నాలుగు చీరలు తీసుకొని ఒక గ్లాసు చేతిలో పెట్టి, అది కూడా పుణ్యానికి ఇస్తున్నట్టు నిట్టూరుస్తుంది. ఆవిడ తట్టలో ఇడ్లీపాత్రకూ పళ్ళేలకూ మధ్య ఆకుపచ్చని చిప్పులు దొంతరగా పేర్చి ఉన్నాయి.

గవర్రాజు తన ప్యాంట్లు తెచ్చి పోస్తాడు. నూకాలు ఒక్కొక్కటీ వెలుగులోకి ఎత్తి చూస్తుంది.

"మోకాలు పోయింది బాబూ. దీనికి కీబోర్డులో ఒక్క అచ్చరం కూడా రాదు. లోపల బీరువాలో ఏటున్నాయో చూడండి."

గవర్రాజు బీరువా అడుగున ఉన్న మూటొకటి తెచ్చి ఇచ్చేస్తాడు. విప్పి చూడడు. మగాళ్ళు చేసే పనే ఇది, కొత్తేం కాదు. నూకాలు మాత్రం మూట అంచు కొంచెం విప్పి చూసి, గబుక్కున మూసేసి, మారుమాట లేకుండా పెద్ద ర్యామ్ తీసి ఇస్తుంది. పైన ఒక గరిట కూడా కలుపుతుంది. నూకాలు గరిట ఊరికే ఇచ్చిందంటేనే అనుమానపడాలి. గవర్రాజు సంతోషపడతాడు.

ఆయనకు కంప్యూటర్ విప్పడం రాదు. అంటు కట్టడం వచ్చు. కడియంలో ఆయన కట్టిన మామిడి అంటు పట్టకపోవడమనేది లేదు. పాత బోర్డు మీద ఏటవాలుగా ఒక కోత కోస్తాడు. కొత్త ర్యామ్ చివర దానికి సరిపడా చెక్కుతాడు. రెండూ కలిపి, ప్లాస్టిక్ రిబ్బను బిగించి, తడి కొబ్బరిపొట్టు అద్దుతాడు. తెల్లారేసరికి అతుకు దగ్గర ఎర్రటి చిగురు కనిపిస్తుంది.

"అబ్బ! కాళ్ళు చాపుకున్నానండీ," అంటుంది వీరవేణి. "ఇక్కడ నాకో వరండా కూడా వచ్చింది."

తెర మీద గుండ్రం పక్కన ఆవిడ కనిపిస్తుంది కూడా. కానీ అంతా పలకలు పలకలుగా ఉంది. ముక్కు ఇటుకలా ఉంది. చెవులకు మూలలున్నాయి.

"నువ్వేనా?"

"నేనే. నవ్వుతున్నాను, తెలియట్లేదా?"

తెలియట్లేదు. గవర్రాజుకు ఏడుపొస్తుంది. పరుగున వీధిలోకెళ్ళి నూకాల్ని పిలుచుకొస్తాడు. ఒంటికాలి పరుగు కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది.

"గ్రాఫిక్స్ కార్డు కావాలమ్మా. బట్టలు మాత్రం ఇంక లేవు, ఒంటి మీదివి తప్ప."

"అయ్యొద్దులెండి," అంటుంది నూకాలు గుమ్మంలోంచి లోపలికి తొంగిచూస్తూ. "ఇంట్లో వాడకుండా పడున్నదేదైనా పర్లేదు. ఈ మధ్యాన్నం ఎవరు వాడతన్నారు?"

గవర్రాజు ఆలోచిస్తాడు. పగలంతా తను నర్సరీలో ఉంటాడు. వీరవేణి లోడింగులో ఉంది.

"ఎవరూ లేరు."

నూకాలు హాల్లో పరుచుకున్న మధ్యాహ్నాన్ని చాపలా చుట్టి, తాడు కట్టి, తట్టలో ఇడ్లీపాత్ర కింద పెట్టుకుంటుంది. కార్డు ఇచ్చి వెళ్ళిపోతుంది. ఆ మర్నాటి నుంచి వాళ్ళ వీధిలో పొద్దున్న కాగానే సాయంత్రమవుతుంది. పక్కింటావిడ వడియాలు ఎండవు. ఆవిడ గోడ మీద నుంచి గవర్రాజుని తిడుతుంది, న్యాయమే మరి.

కార్డు అంటు కూడా పడుతుంది. తెర మీద వీరవేణి తేటబడుతుంది. ఒక్కో వెంట్రుకా విడిగా కనిపిస్తోంది. చెవి పక్కన కొన్ని నెరిశాయి. గడ్డం కింద నూనె చిట్లి కాలిన మచ్చ ఉంది. ఎడమ కనుబొమ మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. ఇన్నేళ్ళు ఒకే హాల్లో ఉండి గవర్రాజు వీటిని ఇప్పుడే చూస్తున్నాడు. ఆయనకు సిగ్గేస్తుంది.

"ఎలా ఉన్నావే?" అంటాడు.

వీరవేణి పెదవులు కదలడం మొదలవుతుంది. దీపం పెట్టే వేళకు "బా" అంటుంది. మర్నాడు అదే వేళకు "గు" అంటుంది. గుండ్రం కూడా ఈడ్చుకుంటూ తిరుగుతోంది. గవర్రాజు పనికెళ్ళడం మానేసి తెర ముందు కూర్చుంటాడు. అన్నం సహించదు. ఆవిడ లేకపోతే కోటలు పట్టేదెవరు అని కాదు. ఆవిడ లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు, అంతే.

నూకాలు తనంతట తనే వస్తుంది. తెర చూసి నాలిక చప్పరిస్తుంది.

"బొమ్మ బరువెక్కువైపోయింది బాబూ. లోపల లాగే చిప్పేమో ముసిలిదైపోయింది. ఇలాగే ఉంటే గుండ్రం ఆగిపోద్ది. ఆగిందంటే ఇంక ఫొటోయే. మేకు కొట్టి దండేసుకోవాల."

"అంత మాట అనకమ్మా!" గవర్రాజు తెరకు అడ్డంగా నిలబడతాడు. "ప్రాసెసర్ ఉందా నీ దగ్గర?"

నూకాలు బొడ్లో దోపుకున్న సంచి తీసి, వక్కల మధ్య నుంచి వేలిగోరంత చిప్పు ఒకటి చూపిస్తుంది.

"కుర్చీ తీసుకో. సైకిలు తీసుకో. వంటింట్లో గిన్నెలన్నీ తీసుకో," అంటాడు గవర్రాజు.

"గిన్నెలు నేనిచ్చినయ్యే కదండీ. పాతది కావాల నాకు. ఇంట్లో అన్నిట్లోకీ పాతది." ఆవిడ చూపు మంచం మీద ఆగుతుంది. "అదీ."

"కాలా?"

"మీ కాలు నాకెందుకండీ? దాని కిందున్నది. ఆ అలక."

గవర్రాజు వెనక్కి తగ్గుతాడు. ఇల్లంతా తీసుకోమన్నవాడు దీని దగ్గర నసుగుతాడు.

"అది మా మావగారి మీద పెట్టుకున్నదమ్మా. మంచి నాణ్యమైంది."

నూకాలు అలక అంచు పట్టుకొని వెలుగులోకి ఎత్తుతుంది.

"నాణ్యమే. ఎక్కడా చిరుగు లేదు, మాసిక లేదు, దుమ్ము కూడా లేదు. ఎవరో రోజూ దులిపి సర్దుతున్నారు బాబూ. లేకపోతే ఇలాంటియ్యి ఇన్నేళ్ళు మన్నవు."

దులిపేదెవరో గవర్రాజుకు తెలుసు. తెర వైపు చూస్తాడు. వీరవేణి కనురెప్ప సగం దాకా వచ్చి ఆగి ఉంది.

"తీసుకుపో," అంటాడు.

నూకాలు ఒక్క లాగు లాగుతుంది. అలక పాత బొంతలా లేచొస్తుంది. ఎడమకాలు జారి కిందికి దిగుతుంది. పాదానికి నేల తగులుతుంది. నేల చల్లగా, నున్నగా ఉంది, రోజూ తుడిచిన నేల. గవర్రాజు రెండు కాళ్ళ మీద నిలబడి, కళ్ళు తుడుచుకొని, అంటుకత్తి తీస్తాడు.

తెల్లారేసరికి కంప్యూటర్ పూత పూస్తుంది. ఇల్లంతా మామిడిపూత వాసన. గుండ్రం గిర్రున తిరిగి మాయమవుతుంది. కోట తలుపులు తెరుచుకుంటాయి. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని, చేతిలో కత్తితో వీరవేణి తెరలోంచి హాల్లోకి దిగుతుంది.

"...న్నాను," అంటుంది. మిగిలిపోయిన మాట. తర్వాత ఆయన్ని కింది నుంచి పైదాకా చూస్తుంది. "ఇదేంటండీ, దిగిందా?"

"దిగింది."

వీరవేణి వంగి ఆ పాదాన్ని ఓసారి తాకి చూస్తుంది. మొహం వెలిగిపోతుంది. "ఇవాళ నా పెళ్ళి పట్టుచీర కట్టుకుంటాను," అంటూ కత్తి గోడకు ఆనించి బీరువా తెరుస్తుంది.

అడుగు అరలో చెయ్యి పెట్టి వెతుకుతుంది.

"అడుగున మూట ఏదండీ?"

అయిపోయాడు గవర్రాజు.

"నిన్ను బయటికి తేవడానికేనే..."

"నన్ను తేవడానికి నా చీర అమ్మేశారా?"

"అమ్మలేదు. మార్చాను. గరిట కూడా ఇచ్చింది."

వీరవేణి గరిట వైపు చూస్తుంది. హాల్లోకి వస్తుంది. ఖాళీగా ఉన్న మంచాన్ని అలవాటు కొద్దీ ఒకసారి దులుపుతుంది. కుడికాలు పెడుతుంది. ఎడమకాలు పెడుతుంది. మూతి ముడుచుకొని కూర్చుంటుంది.

"అదేంటే? ఆడవాళ్ళు ఎక్కరు కదా!"

"ఖాళీ అయింది కదండీ."

గవర్రాజు వంటింట్లోకి పరుగెత్తి కాఫీ కలుపుకొస్తాడు. మంచం పక్కన చేతులు కట్టుకొని, పెళ్ళిలో మావగారు నిలబడినట్టే నిలబడతాడు.

"సరే, తప్పు నాదే. ఏం కావాలో అడుగు. ఏదైనా సరే తెస్తాను."

వీరవేణి నోరు తెరుస్తుంది. మూస్తుంది. కనుబొమలు ముడిపడతాయి.

"ఉండండి, ఆలోచించుకోవాలి. నన్నెప్పుడూ ఎవరూ అడగలేదు కదా."

ఆవిడ ఆలోచిస్తోంది. ఆలోచించిన కొద్దీ మంచం పొడవు పెరుగుతోంది. హాలు గోడ మర్యాదగా పక్కకు జరుగుతుంది. మంచం వీధి దాటి, పక్కింటి వడియాల మీదుగా రోడ్డెక్కి, గట్టు దిగి, మంచంకోళ్ళు గోదావరిలో పాతుకుంటూ ముందుకు పోతుంది. గవర్రాజు కాఫీ గ్లాసు పట్టుకొని దాని మీద నడుస్తున్నాడు. పక్కన వంతెన మీద రైలు వెళ్తోంది. రైల్లో వాళ్ళు మంచానికి దండం పెట్టి చిల్లర విసురుతున్నారు. కిందుగా నీళ్ళ మీద, తాడు విప్పుకున్న మధ్యాహ్నమొకటి పచ్చగా పరుచుకొని తేలుతోంది. మంచం పట్టెలకు ఇరువైపులా మామిడి చిగుళ్ళు వస్తున్నాయి.

చిట్టచివర, అవతలి ఒడ్డు దగ్గర, వీరవేణి చేమంతి మొగ్గంత కనిపిస్తోంది. తల పైన చిన్న గుండ్రం తిరుగుతోంది. ఒక శాతం.

"తొందరేం లేదే, నిదానంగా ఆలోచించుకో!" అని గవర్రాజు కేకేస్తాడు. కాఫీ చల్లారకుండా గ్లాసు మీద అరచెయ్యి మూతపెట్టి, కుడికాలు ఒకసారి, ఎడమకాలు ఒకసారి వేసుకుంటూ నడుస్తాడు.