డెర్బీ నాటి పీట

కళావతి గడప పక్కన పీట మీద కూర్చుని ఎల్లిపాయలు వలుస్తోంది. ఇంట్లో ఎల్లిపాయలతో పనేమీ లేదు. నిన్న వలిచినవే డబ్బా నిండా ఉన్నాయి. అయినా వలవాలి. ఎందుకంటే ఈరోజు హైదరాబాదులో డెర్బీ, ఏడాదికోసారి వచ్చే పెద్ద గుర్రప్పందెం. పెళ్లయిన కొత్తలో ఆమె సరిగ్గా ఇక్కడే కూర్చుని ఎల్లిపాయలు వలుస్తుంటే కుమారస్వామి కాసిన గుర్రం గెలిచింది. అంతే, ఆయనగారికి జ్ఞానోదయమైపోయింది! అప్పటి నుంచి డెర్బీ రోజున పెళ్లాం ఆ పీట మీదే కూర్చోవాలి, ఎల్లిపాయలే వలవాలి, పందెం అయ్యేదాకా లేవకూడదు. నిరుడు పాలు పొంగుతున్నాయని లేచింది. గుర్రం ఓడింది. ఆ పాలగిన్నె తీసి ఆమె నుదుటికేసి కొట్టాడు. కుట్లు వేయించుకుని వస్తే అత్త రామక్క, "పాలు పోతే పోయేటియి, లేసుడు దేనికి?" అంది.

కుమారస్వామిది ఇల్లందు బొగ్గుగనిలో ఉద్యోగం. నెల్నాళ్లుగా మాత్రం ధ్యాసంతా డెర్బీ మీదే. రేసు పుస్తకాలు తెప్పించాడు, పాత పందేలన్నీ ఫోన్లో తిప్పి తిప్పి చూశాడు. ఈసారి తాను కాసే గోల్డెన్ దుల్హన్ అనే గుర్రం తల్లెవరో, అమ్మమ్మెవరో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. కళావతి తల్లి చిన్నక్క ఖమ్మం దవాఖానాలో పడి ఉంది. ఆమెకేం జబ్బో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

మధ్యాహ్నం కళావతి తమ్ముడు రాజేష్ ఫోన్ చేశాడు. "అక్కా, డాక్టర్లు చేతులెత్తేసిన్రు. అమ్మ నిన్నే అడుగుతుంది. జల్దీ రా."

కళావతి ఒళ్లోని చేట పక్కన పెట్టింది. "ఏమయ్యా, నేను పోవాలె. అమ్మకు సీరియస్ గున్నదంట."

"రేసయినంక పో."

"అప్పటిదాంక ఉంటదో లేదో!"

"ఉంటది. ముసలోళ్లు గంత జల్దీ పోరు." నుదుటి మీది మచ్చను చూస్తూ అన్నాడు. "లేసినవంటే ఈసారి గిన్నెతోని ఆగది."

ఆమె ఫోన్ లాక్కుని జేబులో వేసుకున్నాడు. రామక్క తలుపు గడియ పెట్టి, దానికి వీపు ఆనించి కూర్చుంది.

లేచి పోవచ్చు కదా అని మీరంటారు. అనడానికేం, ఎన్నైనా అనొచ్చు! ఆ గిన్నె దెబ్బ తిన్న తలకు తెలుసు లేవడమంటే ఏమిటో. కళావతి కూర్చునే ఉంది. పండగకు వస్తానని కబురు పెడితే అమ్మ పొద్దున్నే ఏన్కూరు బస్టాండుకొచ్చి కూర్చునేది, ఎన్ని బస్సులు పోయినా కూతురు దిగేదాకా కదిలేది కాదు, అంతసేపు ఆగిన మనిషి ఈ ఒక్క పందెం అయ్యేదాకా ఆగదా, ఆగుతుంది, ఆగు అమ్మా, కొంచెంసేపు ఆగు అనుకుంటూ చేతికందిన పాయనల్లా వలిచింది. తల్లి ప్రాణాన్ని గుర్రం పరుగుతో బేరమాడుతున్నానని తట్టగానే తన మీద తనకే రోత పుట్టింది. ఏడ్చింది. ఎల్లిపాయల ఘాటనుకున్నారో ఏమో, తల్లీకొడుకులు పట్టించుకోలేదు.

జేబులో ఫోన్ మోగింది. కట్ చేశాడు. మళ్లీ మోగింది, మళ్లీ కట్ చేశాడు. చివరికి స్విచాఫ్ చేసి, తన ఫోన్లో పందెం చూస్తూ కూర్చున్నాడు.

గోల్డెన్ దుల్హన్ గెలిచింది. కుమారస్వామి ఎగిరి గంతేసి, కళావతి ఫోన్ ఆమె ఒళ్లోకి విసిరాడు. "ఇగ పో. ఎవరొద్దన్నరు?"

ఆమె దాన్ని ఆన్ చేసి తమ్ముడికి ఫోన్ చేసింది. "నీ గొంతన్న ఇంటదని ఫోన్ అమ్మ చెవికాడ్నే పట్టుకొని కూసున్న అక్కా. నువ్వు ఎత్తలే. అమ్మ పోయింది."

దినం నాడు ఏన్కూరులో బంతిలో కూర్చుని రామక్క పక్కావిడతో అంది. "చిన్నక్క పుణ్యాత్మురాలు. పోతా పోతా మా కొడుక్కు గెలుపిచ్చి పోయింది." విన్నవాళ్లెవరికీ ముద్ద గొంతుకు అడ్డం పడలేదు. వడ్డిస్తున్న కళావతికి మాత్రం ఆ మాట అక్షరం పొల్లుపోకుండా లోపల దిగింది.

భోజనాలయ్యాక కుమారస్వామి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. వెనకాలే రామక్క. "సంచి సర్దు. ఆదివారం ఇంకో పెద్ద రేసుంది. నువ్వు కూసుంటేనే గెలుస్తం," అన్నాడు.

కళావతి తల ఎత్తి, మొదటిసారి బెదరకుండా వాడి మొహంలోకి చూసింది.

"నేను రాను. నేను కూసున్నందుకు గాదు నువ్వు గెలిచింది, మా అమ్మ పోయినందుకు. మీ అమ్మనే చెప్పింది. ఆదివారం మళ్ల గెలువాలంటే ఇంకో తల్లి పోవాలె. నాకు లేదు. నీకుంది."