ముందుగదిలో పదిహేడు మచ్చలు

ఆమెకు మిషనమ్మ అని పేరు పెట్టింది మెచ్చుకోలుకు కాదు, వెటకారానికి. పదేళ్ళు సిమెంటు తట్ట మోసిన ఆడది పాలిష్ మిషన్ పిడి పట్టుకుంటే తోటివాళ్ళకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం ఆ పేరుతో పిలిస్తే పలికింది. రెండు వారాలకు వెటకారం అరిగిపోయి పేరు మిగిలింది.

ఆమె ఒంటిచేత్తో పూర్తిచేసిన మొదటి నేల రిటైరైన హెడ్మాస్టారి ముందుగది. తెల్లటి పాలరాయి. పరిచింది ఆమె మొగుడు, పాలిష్ పట్టింది ఆమె. పని ముగిసిన రోజు ఆ నేలలో కిటికీ ఊచలు లెక్కపెట్టుకోవచ్చు. నాలుగో రోజుకు మాస్టారు మేస్త్రీని పిలిపించాడు. వెలుగుకు ఎదురుగా వంగి చూస్తే, అద్దం మీద ఎవరో నోటి ఆవిరి ఊదినట్టు అక్కడక్కడా కాంతి చచ్చిన మచ్చలు. మేస్త్రీ సుద్దముక్కతో గుర్తులు పెడితే పదకొండు తేలాయి.

గోడ వంకర కనిపెట్టడానికి వారం పట్టే మేస్త్రీకి మనిషి మీద తీర్పు చెప్పడానికి నిమిషం చాలు. పనివాళ్ళందరి ముందూ చెప్పేశాడు. రేపు మధ్యాహ్నంలోగా మచ్చలు పోవాలి. పోకపోతే మిషన్ ఆమె మొగుడికి, తట్ట ఆమెకి.

మొగుడైనా ఒక మాట సాయం వస్తాడనుకుంది. తను పరిచినప్పుడు రాయి నిక్షేపంలా ఉందన్నాడు ఆ మహానుభావుడు. కింద పరిచిన సిమెంటు మాలు పచ్చిగా ఉంటే చెమ్మ పైకి తన్నదా అని ఆమె తిరగబడింది. ఆ తగువు ఇంటిదాకా నడిచొచ్చింది. చివరికి అత్తగారు ఇద్దరి ముందూ కంచాలు పెట్టి, రాయి ఎక్కడికీ పారిపోదు, అన్నం మాత్రం చల్లారిపోతుందని చెప్పాక ఆగింది.

తెల్లారగానే మిషనమ్మ ఒక చెంబుడు నీళ్ళు, ఒక గుడ్డ పట్టుకుని ఒంటరిగా వెళ్ళింది. మచ్చ మీద నీళ్ళు పోసి కూర్చుంది. కింది చెమ్మే అయితే, చుట్టూ ఆరిపోయాక కూడా మచ్చ నల్లగా మిగలాలి. ఇది తడిగా ఉన్నంతసేపూ కనిపించలేదు, ఆరగానే తెల్లగా పైకి తేలింది. అంటే రాయి పైచర్మమే చెడింది. మొగుడి తప్పు లేదు. ఆ సంగతి అతనికి ఆ పూట చెప్పదలచుకోలేదు.

మరి తన తప్పా? మిషన్ చేసే గాయమైతే పళ్ళెమంత గుండ్రంగా తిరిగి ఉంటుంది. ఇవి అరచేతంత ఉన్నాయి, మధ్యమధ్య చుక్కలు చుక్కలుగా కారినట్టున్నాయి. పైగా లెక్కపెడితే పదిహేడు. నిన్న సాయంత్రం నుంచి మిషన్ తాళం గదిలో ఉంది. రాత్రికి రాత్రి ఆరు మచ్చలు ఎలా పుట్టుకొచ్చాయి?

చెంప నేలకు ఆనించి చూసింది. గోడ అంచున ఒక నిమ్మగింజ.

అంతలో లోపలి నుంచి మాస్టారు వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో గిన్నె. ఆమెను చూడకుండానే కిటికీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, సగం కోసిన నిమ్మచెక్కతో నేల తోమబోయాడు.

"ఏం చేస్తున్నారు మాస్టారూ?"

"నీ తప్పు దిద్దుతున్నానమ్మా."

ముప్ఫయ్యేళ్ళు బడిగంటను నిమ్మచెక్కతోనే తోమించాడట. ఆ మెరుపు చూసి పైఅధికారులు కూడా ముచ్చటపడ్డారట. మొదటిరోజు ఒక మూల ఒక మసక కనిపించింది, మూలలోకి నిమ్మచెక్క దూరక దాని పక్కనే తోమాడు. మర్నాడు పక్కన ఇంకోటి. దాన్నీ తోమాడు. తోమేకొద్దీ పెరుగుతున్నాయంటే పని ఎంత నాసిగా చేశారో చూడమన్నాడు.

"గంట ఇత్తడిది మాస్టారూ. ఇది పాలరాయి. పులుపు తగిలితే కాలిపోద్ది."

ఊరందరి లెక్కలూ దిద్దినవాడు తన లెక్క తప్పంటే ఒప్పుకుంటాడా? ఆమె వాదించలేదు. మిగిలిన రాతిముక్క ఒకటి తెచ్చి, సగానికి నిమ్మరసం పూసి ఆయన ముందు పెట్టింది. అయిదు నిమిషాలయ్యాక తుడిచి ఇచ్చింది. సగం మెరుస్తోంది, సగం చచ్చింది. మాస్టారు కళ్ళద్దాలు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు.

"మరి ఆ మొదటి మూల మసక?" అన్నాడు, చిన్న గొంతుతో.

ఆమె వెళ్ళి చూసింది. తడిగుడ్డ అదిమి తుడిస్తే పోయింది. "ఎండిన పాలిష్ పౌడరు. తుడవడం నేనే మర్చిపోయా. ఇదొక్కటీ నాది."

అంతలో మేస్త్రీ మైనం డబ్బా పట్టుకుని వచ్చాడు, వెనకే ఆమె మొగుడు. అంతటా ఓ పూత పూసేస్తే గొడవ వదిలిపోతుందట. కప్పెట్టడం ఒక్కటే వచ్చినవాడికి ప్రతి తప్పూ గొయ్యిలాగే కనిపిస్తుంది. మైనం పసుపెక్కిన రోజు మళ్ళీ తన నెత్తినే పడుతుందని, కాలిన రాయిని రాయితోనే తిప్పాలని మిషనమ్మ ఖరాఖండిగా చెప్పింది. తర్వాత మాస్టారి వైపు తిరిగి, చెప్పండి అంది.

ఆయనకు ఎంత కష్టమైందో మెడ మీది నరమే చెప్పింది. అయినా మార్కులు చదివినట్టు చదివాడు. "మొత్తం పదిహేడు. పదహారు నావి. ఒకటి ఈ అమ్మాయిది. అదీ తుడిస్తే పోయింది."

"సరే, అయిందేదో అయింది," అన్నాడు మేస్త్రీ.

"అవలేదు. తట్ట అని నిన్న అందరి ముందూ అన్నారు. మిషన్ ఎవరిదో ఇవాళ అందరి ముందూ చెప్పండి."

మేస్త్రీ డబ్బా మూత బిగిస్తూ, నీదేలే అని గొణిగాడు.

"డబ్బాతో కాదు, నాతో."

గుమ్మంలో పనివాళ్ళు పోగయ్యారు. మేస్త్రీ తలెత్తక తప్పలేదు. "నీదే. పై గదులు కూడా నువ్వే పట్టు."

మిషన్ బయటికొచ్చింది. దానికి సానపట్టే నున్నరాయి బిగించి, నీళ్ళు చల్లుతూ, ప్రతి మచ్చనూ దాటి మూరెడు వెడల్పున తిప్పింది. మచ్చ మీదే తిప్పితే అక్కడ పల్లం పడుతుంది. తర్వాత పౌడరు, మెత్తటి ప్యాడ్. మొగుడు కరెంటు తీగ పట్టుకుని వెంట తిరుగుతూ చెమ్మ సంగతి ఏమైందని రెండుసార్లు అడిగాడు.

"రాయి బాగానే పరిచావు," అంది ఆమె, తల తిప్పకుండా. మధ్యాహ్నంలోపు ఆ మాట అతను ముగ్గురికి చెప్పాడు, ప్రతిసారీ కొంచెం పెంచి.

పన్నెండింటికి కిటికీ ఊచలు మళ్ళీ నేలలో కనిపించాయి. ఓసారి తాకి చూడనా అని మాస్టారు అడిగాడు.

"చేతులు కట్టుకుని చూడండి మాస్టారూ."

ఆయన బుద్ధిగా చేతులు కట్టుకున్నాడు.