పాత ఫోనులో మాటలు

ఉతికిన బట్టలు మడతపెడుతూ ఆమె ఆ రికార్డింగు మళ్లీ వింటోంది. ఒళ్లో భర్త చొక్కా, చెవిలో భర్త గొంతు. నిన్న అతను ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసుకుంటానంటే, తన పాత ఫోనులో రికార్డింగు నొక్కి సోఫా దిండు వెనక దాచి, కూరగాయల వంకతో బయటికి వెళ్లింది. ఆఫీసులో కొత్తగా చేరిన డిజైనర్ పిల్ల ఊసెత్తితే చాలు, అతని ముఖం వెలిగిపోవడం కొన్నాళ్లుగా చూస్తూనే ఉంది మరి. సరసాలు దొరుకుతాయనుకుంది. దొరికితే కడుపారా ఏడ్చి, ఇల్లెగిరేలా అరవచ్చనుకుంది. తీరా వింటే సరసం చుక్కైనా లేదు.

"గొంతు బొంగురుపోయింది, మందు వేసుకున్నారా?" అంటున్నాడు అతను, ఫోను స్పీకరులో పెట్టి ఆ పిల్లతో. "కంగారేం లేదు, నెమ్మదిగా చెప్పండి. వింటున్నాను."

నిజంగానే విన్నాడు. ఆ పిల్ల ఏదో బొమ్మ గురించి, దాని రంగుల గురించి ఎంతోసేపు చెప్పుకుపోతుంటే ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివర్లో, "మీరు చెప్పాకే నాకు తట్టింది. మీ మాటే రైటు," అన్నాడు.

ఆమెకు ఒళ్లు భగ్గున మండింది. ముద్దుమాటలు విన్నా ఇంత మండేది కాదు. మొన్న తను జ్వరంతో మూలుగుతుంటే ఇదే మనిషి గుమ్మంలో నిలబడి, "మరి వంట సంగతేంటి?" అన్నాడు. ఏదైనా చెప్పబోతే, "సోది ఆపి విషయం చెప్పు," అంటాడు. అత్తగారు సరేసరి. "మగాడు అలిసిపోయి వస్తే చెవిలో జోరీగలా ఆ గోలేంటే?" పోనీ, పాపం అతనికి ఓపిక లేదని ఇన్నేళ్లూ సరిపెట్టుకుంది. లేకేం, బోలెడంత ఉంది! ఇంట్లోకే కరువు. మొగుణ్ణి ఆ పిల్లకు ఇచ్చేయమన్నా ఇచ్చేసేదేమో గానీ, ఆ రెండు చెవులూ ఆ పిల్లవైపోవడం తట్టుకోలేకపోయింది. కుళ్లుకుంది, చొక్కా నలిగిపోయేలా పిడికిట్లో పిండుతూ మరీ కుళ్లుకుంది.

పెద్దమ్మ కూతురు లాయరు. మధ్యాహ్నం ఫోను తీసుకుని ఆ అక్క దగ్గరికి పరిగెత్తింది. కాస్త వినగానే అక్క తల పట్టుకుంది.

"ఇది సాక్ష్యం కాదే తల్లీ, నీ మెడకి ఉచ్చు! వాళ్లకి తెలియకుండా వాళ్ల మాటలు రికార్డు చేశావంటే, తిరిగి నీ మీదే కేసు పెట్టొచ్చు. నువ్వూ కలిసి మాట్లాడినవైతే ఏదో ఒకటి వాదించేదాన్ని. ఇందులో నువ్వున్నావా?"

"ఇందులో ఏంటక్కా, ఆ ఇంట్లో ఏ మాటల్లోనూ నేను లేను."

అక్క నవ్వబోయి ఆగిపోయింది. "ఇది ఎవరికీ వినిపించకు. ఇంట్లో అసలు నోరెత్తకు," అంది.

సాయంత్రం అతను టీవీ ముందు కాళ్లు చాపుకున్నాడు.

"మీతో మాట్లాడాలి."

"సోది లేకుండా..."

"నిన్న మీ మాటలు దొంగచాటుగా రికార్డు చేశాను."

అతను టీవీ ఆపేశాడు. పూర్తిగా ఆమె వైపు తిరిగాడు. "నాకు చెప్పకుండానా? అది నేరం, తెలుసా? నిన్ను కోర్టుకి ఈడుస్తాను!"

ఆమె కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది.

"తెలుసు. తప్పే చేశాను. ఈడవండి," అంది. "అక్కడైనా నా మాట పూర్తయ్యేదాకా వింటారు."